గుకేష్ పేరు చెప్పి పిల్లల చేత అన్నీ మాన్పిస్తున్నారు, ఆపండి!

ఆ ఫార్వర్డ్ మీకూ వచ్చే ఉంటుంది. గుకేష్ నాలుగో క్లాసు తర్వాత రెగ్యులర్‌గా స్కూలుకెళ్ళడం మానేశాడు, 18 ఏళ్ళకే చెస్ వరల్డ్ చాంపియన్ అయ్యాడు, కాబట్టి మీ పిల్లలకి ఒక్కటే నేర్పండి, మిగతావన్నీ ఆపెయ్యండి అని. మన చెన్నై తెలుగు గ్రూపుల్లో అయితే మన కుర్రాడు కదా, ఇంకా ఎక్కువ తిప్పుతున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది, ఎందుకంటే అది చదివి మా కింది ఫ్లోర్‌లో ఒకాయన తొమ్మిదో క్లాసు కొడుకుని మృదంగం క్లాసు మాన్పించేశాడు. ఐఐటీ ఫౌండేషన్ కోచింగ్ ఉందన్నా, టైమ్ ఎక్కడిదన్నా, గుకేష్‌ని చూడు అంటాడు.

సరే, గుకేష్‌నే చూద్దాం! 2024 డిసెంబర్ 12, సింగపూర్, 14వ గేమ్, అప్పటి చాంపియన్ డింగ్ లిరెన్ మీద గెలిచాడు. ఆ గెలుపు వెనక ప్యాడీ ఆప్టన్ ఉన్నాడు. చెస్ కోచా ఆయన? కానే కాదు. 2011లో వరల్డ్ కప్ కొట్టిన మన క్రికెట్ టీమ్‌కి మెంటల్ కండిషనింగ్ కోచ్, పారిస్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చిన మన హాకీ టీమ్‌తో కూడా పనిచేశాడు. క్రికెట్‌లో, హాకీలో చూసినదంతా చదరంగం బల్ల దగ్గరికి తెచ్చాడు. స్కూలు మానేసిన ముక్క పట్టుకున్నారు గానీ ఈ ముక్క ఒక్కడూ ఫార్వర్డ్ చెయ్యడు!

నేను ఎప్పట్నుంచో చెప్తున్నా, గెలిపించేది ఎప్పుడూ పక్క వీధి నుంచే వస్తుంది. మన వీధిలో ఉన్నది అవతలోడికీ తెలుసు, వాడిదీ అదే మెటీరియల్, అదే మాక్ టెస్ట్. పక్క వీధి నుంచి తెచ్చింది చూస్తే వాడికి దిక్కు తోచదు.

క్రికెట్‌లో మన స్పిన్నర్ వరుణ్ చక్రవర్తిని చూడండి. స్కూల్లో వికెట్ కీపర్, సెలెక్ట్ చెయ్యట్లేదని వదిలేసి ఇక్కడే ఎస్ఆర్ఎం యూనివర్సిటీలో ఆర్కిటెక్చర్ చదివాడు, ఆ పనే చేశాడు, మళ్ళీ వచ్చి పేస్ వేశాడు, మోకాలు దెబ్బతింది, అప్పుడు స్పిన్‌కి వచ్చాడు. ఆ వెరైటీలన్నీ ఎక్కడివనుకున్నారు, టెన్నిస్ బాల్‌వి! ఆదివారం చెన్నైలో ఏ సందులోకైనా పోయి చూడండి, ఆ బంతికి సీమ్ ఉండదు, బరువుండదు, చిటికె వేసినట్టు నడివేలితో నెట్టి వదుల్తారు. ఆ సందు విద్యని తోలు బంతి మీదికి తెచ్చాడు కాబట్టే 2018 ఐపీఎల్ వేలంలో, 27 ఏళ్ళ వయసులో, 20 లక్షల బేస్ ప్రైస్ నుంచి 8.4 కోట్లకి పోయాడు, 2025 చాంపియన్స్ ట్రోఫీలో న్యూజిలాండ్‌వి 5 వికెట్లు తీశాడు. బెంగళూరు వాళ్ళకీ ఉన్నాడు కదా కుంబ్లే, చిన్నప్పుడు మీడియం పేసర్, ఆర్వీ కాలేజీలో మెకానికల్ ఇంజినీరింగ్, లెగ్ స్పిన్‌కి మారినా ఆ స్పీడు వదల్లేదు, 619 టెస్ట్ వికెట్లు.

ఏబీ డివిలియర్స్ అన్ని ఆటల్లో తోపు, సైన్స్ అవార్డు కూడా వచ్చింది అని ఒకటి తిరుగుతుంటుంది, అది మాత్రం నాకు పంపకండి. చాలావరకు ఉత్తదేనని ఆయనే ఆత్మకథలో చెప్పుకున్నాడు. మనకి నిజాలే బోలెడున్నాయి, అబద్ధాలెందుకు?

ఇప్పుడు ఆ మృదంగం. సి.వి.రామన్ మన విశాఖలో చదువుకున్నాడు, తర్వాత ఇక్కడే మన ప్రెసిడెన్సీ కాలేజీలో. ఆయన మన తబలా, మృదంగాల మీద 1920లో నేచర్ పత్రికలో రాశాడు తెలుసా? మామూలు డప్పు కొడితే మోత వస్తుంది, మృదంగం కొడితే శ్రుతి పలుకుతుంది, ఎందుకు? కుడివైపు చర్మం మధ్యలో నల్ల మచ్చ ఉంటుంది చూడండి, పొర మీద పొర పూసి, రాయితో రుద్ది, మధ్యలో మందంగా అంచుకి పల్చగా చేస్తారు. ఆ బరువు వల్లే చర్మం కంపనాలు అసలు స్వరానికి రెట్టింపు, మూడు రెట్లు అని లెక్కకి కుదురుతాయి. అంటే ఫౌండేషన్ బుక్‌లో వేవ్స్ చాప్టర్ కోసం ఆ పిల్లాడి ఇంట్లోనే ల్యాబ్ ఉంది, దాన్ని తీసుకెళ్ళి అటక మీద పెట్టారు! నాకు నిజంగా ఏడుపొచ్చింది.

పోనీ ఐఐటీయే కావాలి కదా అన్నా మీకు? అడయార్ దాటితే మద్రాస్ ఐఐటీ, 2024లో స్పోర్ట్స్ కోటా పెట్టింది, మరుసటి ఏడాది కళలకీ పెట్టింది. జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకు లిస్టులో పేరుండాల్సిందే, కాదనను, కానీ ఆ ఐఐటీయే మృదంగం పట్టుకుని రమ్మంటుంటే మనం మాన్పిస్తామా?

నిన్న రాత్రి గంటసేపు ఇదంతా చెప్తే ఆయన ఏమీ మాట్లాడలా. పొద్దున్నే పిల్లాడు పైకొచ్చాడు, మృదంగం అటక దించారంట, ఆ నల్ల మచ్చ ఒకవైపు పెచ్చు లేచిపోయింది. మైలాపూర్‌లో బాగా కుదిర్చే వాళ్ళు ఎవరైనా తెలిస్తే ఇవాళే కామెంట్‌లో పెట్టండి, ఆదివారం మేమిద్దరం బండి మీద తీసుకెళ్తున్నాం.