నలుగురి వెంట ఒకడు: ‘ది బ్రవాడోస్’ (1958)

చిన్ని: అందరికీ నమస్కారం. మావయ్య వచ్చేశాడు, టీలు అయిపోయాయి, రికార్డింగ్ చూసే బాబీ బొటనవేలు ఎత్తాడు. ఇవాళ 1950ల వెస్టర్న్‌లలో, అంటే కౌబాయ్ సినిమాల్లో, సినిమాస్కోప్ గురించి మాట్లాడుకుందాం. ఆ వెడల్పాటి తెరని కొండలతో, లోయలతో ఎలా నింపేవాళ్ళో చూద్దాం. అందుకు తీసుకున్న సినిమా ‘ది బ్రవాడోస్’. హెన్రీ కింగ్ డైరెక్టరు, గ్రెగరీ పెక్ హీరో.

మావయ్య: లీ వాన్ క్లీఫ్ కూడా.

చిన్ని: వస్తాడు, ఆగు.

మావయ్య: ఆగుతాను. గడియారం సంగతి మాత్రం నేనే చెప్తాను.

చిన్ని: అది నీదే మావయ్యా, ఎవరూ లాక్కోరు. సినిమా చూడనివాళ్ళకి ముందే చెప్తున్నా, కాకినాడ రూలు వర్తిస్తుంది. కథ ఆఖరిదాకా చెప్పేస్తాం.

మావయ్య: ఆఖరు చెప్పకపోతే ఈ సినిమా గురించి మాట్లాడ్డానికేముంది?

చిన్ని: గబగబా చెప్పేస్తా. జిమ్ డగ్లస్ అనే పశువుల రాంచ్ నడిపే మనిషి రియో అరీబా అనే ఊరికొస్తాడు. అక్కడ మర్నాడు నలుగురికి ఉరి. వాళ్ళని చూడాలంటాడు. అతని భార్యని ఎవరో దారుణంగా చంపారు. ఆ నలుగురే అని అతని నమ్మకం. నెలల తరబడి వాళ్ళ కోసమే తిరిగాడు. ఆ రాత్రి ఊరంతా చర్చిలో ఉండగా, తలారినని చెప్పుకుని వచ్చినవాడు షెరీఫ్‌ని వెనకనుంచి పొడుస్తాడు. నలుగురూ తప్పించుకుంటారు, కొట్టు యజమాని కూతురు ఎమ్మాని కూడా ఎత్తుకుపోతారు.

మావయ్య: ఆ తలారి వేషగాడు జో డెరీటా. తర్వాత త్రీ స్టూజెస్‌లో కర్లీ జో అయ్యాడే, అతనే. నవ్వించే మొహాన్ని తెచ్చి ఆ పాత్రలో పెట్టారు. ఆ మొహం చూసి ఎవడు అనుమానిస్తాడు?

చిన్ని: ఊళ్ళో మగాళ్ళంతా పోసీ కట్టి వెంటపడతారు. డగ్లస్ మాత్రం పొద్దున బయల్దేరతాడు. ఒక్కొక్కణ్ణీ పట్టుకుని, భార్య ఫొటో చూపించి, చంపుతూ పోతాడు. నాలుగోవాడి దగ్గర తెలుస్తుంది, వాళ్ళెవరూ ఆమెని చంపలేదని. చంపింది పొరుగున ఉండే జాన్ బట్లర్ అనేవాడు. వాళ్ళ పేరు చెప్పి ఇతన్ని వాళ్ళ మీదకి తోలిందీ ఆ బట్లరే. అదీ కథ. ఇక అసలు విషయానికొస్తే, కెమెరా లియాన్ షామ్రాయ్‌ది. సినిమాస్కోప్‌లో వచ్చిన మొట్టమొదటి సినిమా, 1953లో ‘ది రోబ్’, దానికీ ఇతనే. నాలుగు ఆస్కార్‌లున్న మనిషి. దీన్ని మెక్సికోలో తీశారు. రాత్రి సీన్లు పగటిపూట ఫిల్టరు వేసి తీసినట్టు నీలంగా ఉంటాయి. కొంతమందికి అది నచ్చదు గానీ, నాకు ఆ నీలంలో గుర్రాల గుంపు వెళ్తుంటే మనుషులు కనపడకుండా ఒక కదలికే కనపడటం చాలా ఇష్టం. పోసీ అంటే ఏంటో అక్కడ తెలుస్తుంది.

మావయ్య: ఏం తెలుస్తుంది?

చిన్ని: మొహాలుండవు. ఎవరు ఎవరో తెలీదు. అందరూ కలిసి ఒకటే.

మావయ్య: అబ్బే, ఆ మాట నేనొప్పుకోను. పోసీ అంటే గుంపు కాదమ్మాయ్. ఇంగ్లండ్ నుంచి వచ్చిన పాత చట్టం అది. షెరీఫ్ పిలిస్తే ఊళ్ళో ఒంట్లో సత్తువున్న ప్రతి మగాడూ రావాలి, రానంటే అదే నేరం. అక్కడ పోలీసు స్టేషనుందా, కానిస్టేబుళ్ళున్నారా? ఒక షెరీఫు, మహా అయితే ఇద్దరు డెప్యూటీలు. మిగతాది చాకలీ మంగలీ కమ్మరీ, కొట్టువాడూ. వాళ్ళే బందోబస్తు.

చిన్ని: మరి ఈ సినిమాలో షెరీఫ్ ఎక్కడ? కత్తిపోటు తిని మంచం మీదున్నాడు.

మావయ్య: ఉంటే ఏం? డెప్యూటీ ఉన్నాడుగా.

చిన్ని: డెప్యూటీ ఉన్నాడు, అందరూ డగ్లస్ వైపే చూస్తున్నారు. చట్టం మనిషి ఒకడు, జనం నమ్మిన మనిషి ఇంకొకడు. నాకు భయం వేసింది అక్కడే.

మావయ్య: గ్రెగరీ పెక్‌ని కాక ఎవర్ని నమ్ముతారే! ఆ గొంతు, ఆ నిలబడే తీరు. మేము ‘మెకన్నాస్ గోల్డ్’ చూసిన రోజుల్నించీ ఆయన తెరమీద అబద్ధం చెప్తాడని ఊహించలేదు. ఇదే పెక్ 1962లో ‘టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్’లో లాయరు అట్టికస్ ఫించ్ వేసి గుంపుకి ఎదురు నిలబడ్డాడు, ఆస్కార్ కొట్టాడు.

చిన్ని: ఇందులో అబద్ధం చెప్పలేదు మావయ్యా. అతను నమ్మిందే చెప్పాడు. మనం కూడా నమ్మాం. మొదటి అరగంటలో అతని దగ్గర ఆధారం ఏముందని నువ్వు అడిగావా? నేను అడగలేదు. పెక్ మొహం బాధగా ఉంది, అది చాలు నాకు. తర్వాత చూస్తే ఉన్న ఆధారమల్లా పొరుగువాడు చెప్పిన ఒక్క ముక్క. నలుగురు ఇటు వెళ్ళారు అన్నాడు, అంతే.

మావయ్య: సరే, ఇప్పుడు గడియారం.

చిన్ని: చెప్పు.

మావయ్య: మొదట దొరికేది వాన్ క్లీఫ్. పర్రాల్ అని పేరు. పెక్ జేబుగడియారం తీసి, మూత తెరిచి, లోపల భార్య ఫొటో చూపిస్తాడు. ఈమెని ఎప్పుడైనా చూశావా? వాడు మోకాళ్ళ మీద పడి వణుకుతూ చూడలేదంటాడు. కాల్చేస్తాడు. ఇది 1958. 1965లో సెర్జియో లియోనె సినిమా, ‘ఫర్ ఎ ఫ్యూ డాలర్స్ మోర్’. అందులో అదే వాన్ క్లీఫ్ కర్నల్ మార్టిమర్. అతని చేతిలో గడియారం, అందులో చచ్చిపోయిన చెల్లెలి ఫొటో, మూత తీస్తే మొరికోనె పాట. ఏడేళ్ళ క్రితం ఫొటో ముందు మోకరిల్లినవాడు ఇప్పుడు ఫొటో పట్టుకుని తిరుగుతున్నాడు! ఆ కళ్ళు చూసి 1971లో మన ‘మోసగాళ్ళకు మోసగాడు’, కృష్ణగారు గుర్రమెక్కి, కె.ఎస్.ఆర్. దాస్‌గారు తీసి, ఆరుద్రగారు రాసి...

చిన్ని: మావయ్యా, కృష్ణగారి దాకా వెళ్ళామంటే ఇంక వెనక్కి రాలేం.

మావయ్య: వస్తున్నా. ఏమంటానంటే, వాన్ క్లీఫ్ బతిమాలడం చూడు. అంతవరకూ హాలీవుడ్డు అతనికి నిలబడి కాల్చడమో, కాల్పించుకోవడమో, అంతే ఇచ్చింది. ‘హై నూన్’లో ఒక్క మాట లేదు పాపం అతనికి. ఇక్కడ ఒక్క సీనులో మనిషి ఎంత భయపడగలడో అంతా చూపించాడు.

చిన్ని: అతను నిజమే చెప్తున్నాడు కదా ఆ సీన్‌లో. రెండోసారి చూస్తే ఆ సీను చూడలేం. నేను పాజ్ చేశాను.

మావయ్య: నిజమే చెప్తున్నాడు. కానీ వాడు ఉరిశిక్ష పడ్డవాడు. తప్పించుకోకపోతే ఆ పొద్దున పోవాల్సినవాడు. పెక్ చంపింది అమాయకుణ్ణి కాదు. ‘ది ఆక్స్-బో ఇన్సిడెంట్’ వేరు. 1943లో విలియం వెల్మన్ తీశాడు, హెన్రీ ఫోండా ఉన్నాడు. అందులో పోసీ ముగ్గురు ఏ పాపం తెలియనివాళ్ళని చెట్టుకి ఉరేస్తుంది. అది ఘోరం. ఇది అది కాదు.

చిన్ని: నాకు ఇదే ఎక్కువ ఘోరం.

మావయ్య: అదెలాగే?

చిన్ని: ఆక్స్-బోలో తప్పు జరిగిందని అందరికీ తెలుస్తుంది. షెరీఫ్ వచ్చి, చచ్చిపోయాడనుకున్నవాడు బతికే ఉన్నాడని చెప్పగానే ఆ మనుషులు తల ఎత్తలేరు. ఇక్కడ ఎవరికీ తెలీదు! డగ్లస్ తిరిగొస్తే ఊరంతా జేజేలు కొడుతుంది. వాళ్ళ దృష్టిలో నలుగురు దుర్మార్గులు పోయారు, లెక్క సరిపోయింది. తను చంపింది ఎందుకో, ఆ కారణమే అబద్ధమని అతనొక్కడికే తెలుసు. ఆ బరువు పంచుకునేవాళ్ళు ఊళ్ళో లేరు.

మావయ్య: కారణం అబద్ధమైతే మాత్రం? శిక్ష నిజమే కదా. కోర్టు వేసింది.

చిన్ని: కోర్టు వేసింది కోర్టు తీర్చాలి. రెండోవాణ్ణి ఏం చేశాడు? టేలర్‌ని తాడేసి పట్టి కాళ్ళకి కట్టి తలకిందులుగా చెట్టుకి వేలాడదీసి వదిలేశాడు. ఏ కోర్టు వేసింది ఆ శిక్ష?

మావయ్య: (కాసేపు ఆగి) అది... అది నేను సమర్థించను.

చిన్ని: సమర్థించవు. కానీ చూస్తున్నప్పుడు మనకి ఏమనిపించింది? ఇద్దరయ్యారు, ఇంకా ఇద్దరున్నారు అనిపించింది. కింగ్ మన చేత అలా లెక్క పెట్టిస్తాడు.

మావయ్య: ఎమ్మా సంగతి మర్చిపోతున్నావు నువ్వు. ఆ పిల్ల వాళ్ళ చేతుల్లో ఉంది. మెల్లగా కోర్టులూ కాగితాలూ అంటూ కూర్చుంటే?

చిన్ని: మర్చిపోలేదు. ఎమ్మా గురించి నాకు కోపం వచ్చేది వేరే చోట. ఆ నలుగురిలో జాకరీ అనేవాడు ఆ పిల్లని పాడు చేస్తాడు. బట్లర్ గుడిసెలో. పోసీ వచ్చి చూస్తుంది. ఆ క్షణం నుంచి సినిమాకి జాకరీని చంపడానికి ఇంకో కారణం దొరికింది. మరి ఎమ్మాకి ఏం దొరికింది? కథ ఆమె దగ్గర ఒక్క నిమిషం నిలబడదు. మళ్ళీ మగాళ్ళు, గుర్రాలు, నది. నాకు ఆమె ఇంటికి వెళ్ళాక ఏమైందో కావాలి. తండ్రి ఏమన్నాడు, ఊళ్ళో ఆడవాళ్ళు ఆమెతో ఎలా మాట్లాడారు. చర్చిలో ప్రార్థనలు జరుగుతున్నాయి కదా ఆఖర్న, అందులో ఆమె ఎక్కడ కూర్చుంది? ఒక ఆడపిల్ల మీద జరిగింది మగాడి కోపానికి కట్టెపుల్ల అయిపోయింది.

మావయ్య: (చిన్నగా) ఊఁ.

చిన్ని: డగ్లస్ భార్య కూడా అంతే కదా. ఫొటో. గడియారం మూత తీస్తే ఉంటుంది, మూస్తే లేదు.

మావయ్య: గడియారాన్ని నేను ఇన్నిసార్లు చెప్పాను గానీ అలా ఆలోచించలేదమ్మా.

చిన్ని: బాబీ, నీళ్ళు.

మావయ్య: ఒకటి అడుగుతా చెప్పు. సరిహద్దు దగ్గర పోసీ ఆగిపోతుంది కదా. నది అవతల మెక్సికో, వీళ్ళ అధికారం చెల్లదు. పెక్ ఒక్కడే దాటుతాడు. అక్కడితో అతను పోసీ కాదు, చట్టం కాదు, ఒంటరి మనిషి. జాకరీని సారాకొట్లో కాల్చేస్తాడు. ఆ జాకరీ వేసిన స్టీఫెన్ బాయిడ్ మరుసటి ఏడాది ‘బెన్-హర్’లో మెసాలా. ఆ మొహంలో పొగరు చూడు, చచ్చేముందు కూడా తగ్గదు. సరే. ఆ తర్వాత నాలుగోవాడు, లుహాన్. హెన్రీ సిల్వా వేశాడు. పెక్ వాడి ఇంటికే వెళ్తాడు. భార్య, చిన్న కొడుకు. ఆ భార్య కుండతో పెక్ తల మీద ఒక్కటిస్తుంది. లుహాన్‌కి చంపే అవకాశం వచ్చింది. చంపలేదు. మాట్లాడాడు. డగ్లస్ ఇంట్లో పోయిన డబ్బు సంచి వాడి దగ్గరుంది, అది బట్లర్ శవం దగ్గర దొరికిందని చెప్తాడు. అప్పుడు పెక్ మొహం... ఏమీ చెయ్యడు. ఉత్తినే కూర్చుంటాడు. హెన్రీ కింగ్‌తో ఆయనకి అది అయిదో సినిమా. ‘ది గన్‌ఫైటర్’లో కూడా చంపినవాళ్ళని మోస్తూ తిరిగే మనిషే. ఆ డైరెక్టరుకి తెలుసు, ఈ మొహానికి డైలాగు అక్కర్లేదని.

చిన్ని: అడుగుతానన్నావు. ఏంటి?

మావయ్య: పెక్ లుహాన్‌ని వదిలేసి వచ్చేస్తాడు. ఇంతసేపూ కోర్టు శిక్ష కోర్టే తీర్చాలన్నావు. లుహాన్‌కి కూడా అదే కోర్టు ఉరి వేసింది. నీ లెక్కన వాణ్ణి కట్టి తెచ్చి షెరీఫ్‌కి అప్పజెప్పాలి. వదిలెయ్యడం తప్పా, కాదా?

చిన్ని: (ఆగి) అది మెక్సికో కదా.

మావయ్య: కాల్చడానికి అడ్డం రాని నది, తేవడానికి అడ్డం వచ్చిందా?

చిన్ని: లేదు. కానీ అక్కడ ఆ తల్లీ, ఆ పిల్లాడూ... అతనికి ఇంకెవర్నీ తీర్పు చెప్పే మొహం లేదు మావయ్యా. వదిలెయ్యడం దయ కూడా కాదు. చేతులు పైకి లేవలేదంతే.

మావయ్య: అంటే చట్టం కన్నా అతని మనసే ఎక్కువన్నమాట. ఇందాక నేనన్నదీ అదేగా.

చిన్ని: కాదు! నువ్వు అన్నది చంపడానికి. నేను అంటున్నది ఆగడానికి.

మావయ్య: రెంటికీ ఒకే మనిషి నిర్ణయం. ఒకటి ఒప్పుకుని ఇంకోటి కాదంటే ఎలా?

చిన్ని: ఎందుకు కుదరదు? చంపినవాణ్ణి మళ్ళీ లేపలేం. వదిలినవాణ్ణి రేపు పట్టుకోవచ్చు. తేడా ఉంది కదా.

మావయ్య: ఆ లుహాన్ రేపు ఇంకొకణ్ణి చంపితే?

చిన్ని: చంపితే... (నిట్టూర్పు) దానికి నా దగ్గర మాట లేదు. అయినా నేను డగ్లస్‌నయితే వదిలేసే వస్తాను.

మావయ్య: నేనూ అంతే అనుకో. కానీ ఆ మాట షెరీఫ్‌కి చెప్పాలి, ఫలానా చోట ఉన్నాడని. సినిమాలో చెప్పాడా? పాదిరీకి చెప్పాడు. సాకులు వెతుక్కోలేదు, అది బాగుంది. బయటికొచ్చి జనాన్ని నా కోసం ప్రార్థించండి అన్నాడు. అదీ బాగుంది. కింగ్ అంతకుముందు ‘ది సాంగ్ ఆఫ్ బెర్నడెట్’ తీసినవాడు, చర్చి అంటే ఆయనకి సెట్టింగు కాదు. కానీ ఊరికి నిజం చెప్పలేదు కదా! బట్లర్ పేరు ఎత్తలేదు. జనం ఇంకా చప్పట్లు కొడుతూనే ఉన్నారు.

చిన్ని: చెప్తే విని ఉండేవాళ్ళా?

మావయ్య: వినకపోతే వాళ్ళ ఖర్మ. చెప్పాల్సింది.

చిన్ని: నువ్వు ఇప్పుడు నా వైపుకి వచ్చేశావు తెలుసా?

మావయ్య: వైపులేంటే! మొదట్నించీ అంటున్నాను, ఆ వాన్ క్లీఫ్ సీను దగ్గరే...

చిన్ని: బాబీ గంట దాటిందంటున్నాడు. షామ్రాయ్ గురించి నా దగ్గర రెండు పేజీలున్నాయి, అసలు తియ్యనే లేదు.

మావయ్య: వచ్చేవారం చదువు. ఇది తేల్చు ముందు. షెరీఫ్‌కి చెప్పాలా, వద్దా?

చిన్ని: చెప్తే లుహాన్‌ని ఉరి తీస్తారు.

మావయ్య: తీస్తారు.

చిన్ని: మరి ఆ కుండ పట్టుకున్నావిడకి ఎవరు చెప్తారు?

మావయ్య: అలా అంటే ఇంక...

బాబీ: కట్ చేస్తున్నా.