రెండో అరవై సెకన్లు

శ్రోతలకు నమస్కారం.

ఇవాళ మీకు ఒక అమ్మాయి కిందపడిన సంగతి చెప్తాను. పడి, లేచి, ఏం చేసిందన్నది ఆ తర్వాత.

2021 ఆగస్టు 1, ఆదివారం. టోక్యోలో అరియాకే అనే చోట ఒలింపిక్స్ కోసం కట్టిన మైదానం. కరోనా రోజులు కదా, ప్రేక్షకుల్ని రానివ్వలేదు. చుట్టూ మెట్లన్నీ ఖాళీ. మధ్యలో చెక్కతో కట్టిన పెద్ద పెద్ద వాలులు, గుట్టలు. కొన్ని మనిషి ఎత్తు దాటి ఉంటాయి. ఆ వాలుల మీద ఒక అమ్మాయి సైకిలు తొక్కాలి. పేరు షార్లెట్ వర్తింగ్టన్. ఇంగ్లండులో మాంచెస్టర్ పిల్ల. వయసు 25.

ఆట పేరు బీఎంఎక్స్ ఫ్రీస్టైల్. బీఎంఎక్స్ అంటే బైసికిల్ మోటోక్రాస్. 1970లలో కాలిఫోర్నియా కుర్రాళ్లు మోటారు సైకిలు పందేలు చూసి, మోటారు లేని సైకిళ్ల మీద అదే చేయబోయి పుట్టించిన ఆట. రేసు సంగతి వేరే, అది 2008లో బీజింగ్ నుంచే ఒలింపిక్స్‌లో ఉంది. నేను చెప్పేది విన్యాసాల ఆట. ఇది ఒలింపిక్స్‌లోకి వచ్చింది టోక్యోలోనే.

సైకిలు చూస్తే మీకు నవ్వొస్తుంది. చక్రం 20 అంగుళాలు. మన ఇళ్లలో ఏడెనిమిదేళ్ల పిల్లలకి కొనిపెడతామే, అంతే చక్రం. సీటు బాగా కిందికి ఉంటుంది, ఎందుకంటే దాని మీద కూర్చునే పని దాదాపు ఉండదు. గేర్లు ఉండవు.

పోటీ ఎలా ఉంటుందంటే, ఒక్కొక్కరికీ అరవై సెకన్లు ఇస్తారు. సరిగ్గా అరవై సెకన్లు. ఆ నిమిషంలో ఎంత ఎత్తుకి ఎగిరావు, గాల్లో ఏం చేశావు, చేసింది ఎంత కష్టమైంది, ఎంత శుభ్రంగా దిగావు, అన్నీ చూసి జడ్జీలు వందలోపు మార్కులేస్తారు. ఫైనల్లో ఇలాంటి అరవై సెకన్లు రెండుసార్లు వస్తాయి. ఒక్కోదాన్ని రన్ అంటారు. రెండింట్లో ఏది మెరుగైతే అదే లెక్క. తక్కువ వచ్చినదాన్ని పట్టించుకోరు. ఈ ఒక్క నియమం గుర్తుపెట్టుకోండి. నేను చెప్పబోయే కథంతా దీని మీదే నడుస్తుంది.

ఫైనల్లో తొమ్మిది మంది. అందులో అందరూ బంగారు పతకం రాసిపెట్టిన అమ్మాయి అమెరికాకి చెందిన హన్నా రాబర్ట్స్. మిషిగన్ రాష్ట్రంలో బుకానన్ అనే చిన్న ఊరు ఆమెది. ఆడవాళ్లకి మొట్టమొదటిసారి ప్రపంచ టైటిల్ పెట్టింది 2017లో, చైనాలోని చెంగ్డూలో. దాన్ని 16 ఏళ్లకే గెలిచింది. తర్వాత మళ్లీ మళ్లీ గెలిచింది. టోక్యోలో మొదటి రన్‌లోనే 96.10 కొట్టింది. అంత మార్కు పడ్డాక మిగతావాళ్లు రెండో స్థానం కోసం ఆడుకోవడమే అనిపిస్తుంది.

అదే మొదటి రౌండులో షార్లెట్ రన్ ఏమైందో చెప్తాను. ఎవరూ చేయని విన్యాసం ఒకటి మొదట్లోనే ఎత్తుకుంది. 360 బ్యాక్‌ఫ్లిప్ అంటారు.

అదేంటో రేడియోలో చూపించలేను. అందుకని మీ చేతికందేచోట ఒక అగ్గిపెట్టె ఉంటే తీసుకోండి. దాన్ని సైకిలనుకోండి. గాల్లోకి ఎత్తి, వెనక్కి ఒక పిల్లిమొగ్గ వేయించండి. అది బ్యాక్‌ఫ్లిప్. అదే చాలా కష్టం. ఇప్పుడు మళ్లీ మొదట్నించి. పిల్లిమొగ్గ వేయిస్తూనే, బొంగరంలా పక్కకి కూడా ఒక పూర్తి చుట్టు తిప్పండి. రెండూ ఒకేసారి. చూశారా, చేతిలో ఉన్న అగ్గిపెట్టెని తిప్పడానికే మణికట్టు మెలిపడుతోంది. ఆ అమ్మాయి ఆ పని తన ఒంటితో, కింద సైకిలు పెట్టుకుని చేయాలి. చేసేటప్పుడు దిగాల్సిన వాలు ఆఖరి క్షణం దాకా కంటికి సరిగా ఆనదు. ఆడవాళ్ల పోటీల్లో అంతకుముందు ఎవరూ దాన్ని చేసి నిలబడలేదు.

షార్లెట్ కూడా నిలబడలేదు. పడింది. చుట్టు సరిగా పూర్తి కాలేదు, సైకిలు ఒకపక్క, ఆమె ఒకపక్క. మార్కులు నలభైలోపే. పతకం దరిదాపుల్లో కూడా లేదు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుతాను.

నేను సైకిలు నేర్చుకుంది మా నాన్న సైకిలు మీద. మగవాళ్ల సైకిలు, మధ్యలో అడ్డంగా కమ్మీ. సీటు మీద కూర్చుంటే కాళ్లు అందవు గనక, కమ్మీ కింద సందులోంచి కాలు దూర్చి, ఒళ్లంతా ఒకపక్కకి వంచి తొక్కేదాన్ని. మీలో చాలామంది అలాగే నేర్చుకుని ఉంటారు. ఒకరోజు చెరువు గట్టు దిగుతుంటే చైను ఊడి పడ్డాను. మోకాలు చీరుకుపోయింది. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. ఇంటికొచ్చాక మా అమ్మ పసుపు అద్ది, ఏడ్చి, “ఇంక చాలు తల్లీ, ఆడపిల్లవి, మొహానికి తగిలి ఉంటే ఏమయ్యేది” అంది. మర్నాటి నుంచి సైకిలుకి తాళం. అదే నెలలో మా అన్నయ్య కూడా పడ్డాడు. ముందు పన్ను సగం విరిగింది. వాడికి తాళం వేయలేదు. వారం తిరక్కుండానే మళ్లీ తొక్కాడు. అమ్మది భయమే, అందులో ప్రేమ తప్ప ఇంకేం లేదని నాకు తెలుసు. కానీ నేను మళ్లీ సైకిలెక్కింది పెళ్లయిన తర్వాత, మా పాపకి నేర్పుతూ.

మా అన్నయ్యకి రెండో ఛాన్సు వచ్చింది. నాకు రాలేదు. అందుకే, పడినవాళ్లకి మరో అరవై సెకన్లు ఇవ్వాలని రూలు పుస్తకంలోనే రాసిపెట్టిన ఈ ఆట చూస్తే నాకు అంత ఇష్టం.

సరే, టోక్యోకి వద్దాం. షార్లెట్ లేచింది. రెండో రన్. ఇప్పుడేం చేయాలి? మనబోటివాళ్లం ఏం చేస్తాం? బాగా వచ్చినవి, చేయి తిరిగినవి నాలుగు చేసి, పడకుండా ముగించి, కంచు పతకమైనా వస్తుందేమో చూసుకుంటాం. అలా ఆడినా తప్పు పట్టేవాళ్లు లేరు.

ఆమె మళ్లీ అదే విన్యాసానికి వెళ్లింది. కాసేపటి ముందు తనని కింద పడేసిన అదే 360 బ్యాక్‌ఫ్లిప్. వాలు ఎక్కింది, గాల్లోకి లేచింది, తల వెనక్కి, భుజం పక్కకి, చక్రాలు ఆకాశం వైపు. చుట్టు పూర్తయింది. రెండు చక్రాలూ వాలు మీద దిగాయి. అంతే, మిగతా సెకన్లన్నీ ఆమెవే. మార్కు 97.50.

ఆ తర్వాత హన్నా రాబర్ట్స్‌కి ఒక రన్ మిగిలే ఉంది. ఆమె కూడా ప్రయత్నించింది. మొదట్లోనే ఒక ల్యాండింగ్ తేడాగా పడి, రన్ మధ్యలోనే ఆపేసింది. షార్లెట్‌కి బంగారం, హన్నాకి వెండి. స్విట్జర్లాండ్ తరఫున ఆడిన నికితా డుకరోజ్‌కి 89.20తో కంచు. ఆడవాళ్ల ఫ్రీస్టైల్‌లో మొట్టమొదటి ఒలింపిక్ పతకాలు ఈ మూడే.

నికితా గురించి ఒక్క మాట. చిన్నప్పుడు ఆమెని ఆందోళన ఎంతగా పట్టి పీడించిందంటే ఇంట్లోంచి బయటికి రావడానికే భయపడేది. బయటికి లాక్కొచ్చింది ఈ సైకిలే. ఈ సంగతి దాచుకోకుండా అందరికీ చెప్తుంది, మిగతా క్రీడాకారుల చేత కూడా చెప్పిస్తుంది. పతకం కంటే ఆ పని నాకు గొప్పగా అనిపిస్తుంది.

ఇప్పుడు షార్లెట్ గురించి కొంచెం. ఈ ఆటలోకి ఆమె వచ్చిందే ఆలస్యంగా, సుమారు ఇరవయ్యేళ్లకి. అంతకుముందు కాలితో తోసుకుంటూ నడిపే స్కూటర్ ఆడేది. పొట్టకూటికి ఒక మెక్సికన్ హోటల్లో వంట చేసేది. పొద్దంతా పొయ్యి దగ్గర, మిగిలిన టైములో సైకిలు. 2017 జూన్‌లో ఒలింపిక్ కమిటీ ఈ ఆటని చేర్చుకున్నాకే దేశాలు జట్లు కట్టడం, డబ్బు పెట్టడం మొదలైంది. అలా బ్రిటన్ జట్టులోకి వచ్చి వంటింటి ఉద్యోగం మానేసింది. ఆటలో ప్రతిభ ఉన్న ఆడపిల్లలు అంతకుముందు లేరా? ఉన్నారు. సొంత డబ్బుతో, ఆడవాళ్ల విభాగమే లేని పోటీల్లో మగపిల్లల పక్కన ఆడినవాళ్లున్నారు. వాళ్లకి ఒలింపిక్స్ రాలేదు.

అసలు ఇంత ప్రమాదకరమైనది ఎలా నేర్చుకుంటారని మీకు అనుమానం రావచ్చు. నాకూ వచ్చింది. ధైర్యం ఒక్కటే అయితే అందరూ ఆస్పత్రిలో ఉండేవాళ్లు. వీళ్లు నేర్చుకునే తీరు వేరే.

ముందు ఫోమ్ పిట్. అంటే పెద్ద గొయ్యి, దాన్నిండా పరుపుల్లో ఉండే స్పాంజి లాంటి దిమ్మలు. వాలు మీంచి ఎగిరి సైకిలుతో సహా అందులో పడతారు. తల్లకిందులుగా పడ్డా గట్టి నేల మీద పడ్డంత దెబ్బ తగలదు. కష్టమల్లా బయటికి రావడమే. ఆ దిమ్మల్లో మోకాళ్ల లోతు కూరుకుపోతూ, సైకిలుని వెతికి లాక్కుంటూ గట్టెక్కాలి. ఎక్కి మళ్లీ ఎగరాలి. అలా పదులసార్లు, వందలసార్లు. అక్కడ చుట్టు ఒంటబట్టాక మెత్తటి వాలు మీదికి వెళ్తారు. పైన గట్టి ప్లాస్టిక్ పొర, దాని కింద నురుగు పొర. అక్కడ చక్రాల మీద దిగడం నేర్చుకుంటారు, తప్పినా చెక్క మీద తగిలినంత దెబ్బ తగలదు. అది కూడా వచ్చాకే అసలు చెక్క మీదికి. ఇంగ్లండులో కార్బీ అనే ఊళ్లో ఎడ్రినలిన్ ఆలీ అనే పెద్ద పార్కుంది. పెద్ద పెద్ద షెడ్లలో ఇవన్నీ పెట్టారు. షార్లెట్ సాధన చేసింది అక్కడే.

టోక్యోలో ఆమె రెండోసారి అదే విన్యాసానికి వెళ్లడం తెగింపు అనుకుంటాం. అంతకుముందు మెత్తగా ఎన్నిసార్లు పడి ఉంటుందో తలుచుకుంటే అది తెగింపులా అనిపించదు. పడటానికి ఆమెకి చోటు దొరికింది. నేను పడింది చెరువు గట్టు రాళ్ల మీద.

రెండో ఛాన్సు ప్రతిసారీ కలిసొస్తుందని మాత్రం చెప్పను. 2024 పారిస్‌లో, జులై 31న, కాంకార్డ్ కూడలిలో ఫైనల్. ఈసారి పోటీకి పన్నెండు మందిని ఆడనిచ్చారు, ఫైనల్‌కి వచ్చింది తొమ్మిది మందే. షార్లెట్ ఫైనల్ దాకా రాలేదు. అప్పటికి అయిదు ప్రపంచ టైటిళ్లు గెలిచిన హన్నా రాబర్ట్స్ ఫైనల్లో పడి ఎనిమిదో స్థానంలో మిగిలింది. ఆ రోజు నాకు చాలా బాధేసింది. గెలిచింది చైనాకి చెందిన డెంగ్ యావెన్, పద్దెనిమిదేళ్ల పిల్ల, 92.60తో. వెండి అమెరికా పెరిస్ బెనెగాస్‌కి. కంచు ఆస్ట్రేలియా నటల్యా డీమ్‌కి. ఈ నటల్యా టోక్యోలో మోకాలి లిగమెంటు తెగి ఉండగానే ఆడి అయిదో స్థానంలో వచ్చింది. మోకాలికి అయిదు ఆపరేషన్లు చేయించుకున్న మనిషి పారిస్‌లో పతకం వేసుకుని నిలబడింది.

నాకిచ్చిన సమయం అయిపోవస్తోంది. తల్లిదండ్రులకి ఒక పని చెప్పి ముగిస్తాను.

మీ అమ్మాయికి సైకిలు కొనేటప్పుడే హెల్మెట్ కూడా కొనండి. కొని గోడకి తగిలించడం కాదు, సరిగ్గా పెట్టడం ముఖ్యం. నుదురు మీద చూడండి. కనుబొమలకి, హెల్మెట్ అంచుకి మధ్య రెండు వేళ్ల దూరం ఉండాలి. అంతకన్నా ఎక్కువుంటే వెనక్కి జారినట్టు. మన పిల్లలు దాన్ని టోపీలా వెనక్కి నెట్టుకుంటారు, అప్పుడు నుదురంతా బయటే. పక్కల దిగే రెండు పట్టీలు చెవి కిందికి వచ్చేసరికి కలవాలి. గడ్డం కింద పట్టీ పెట్టాక ఒక వేలు, మహా అయితే రెండు వేళ్లు దూరాలి. పిల్లని పెద్దగా ఆవలించమనండి. ఆవలిస్తే పైన హెల్మెట్ తలని కొంచెం కిందికి లాగినట్టనిపించాలి. లాగకపోతే పట్టీ వదులుగా ఉన్నట్టే. జడ ఎత్తుగా వేస్తే హెల్మెట్ కుదరదు, మెడ దగ్గర కిందికి వేయండి. ఇంకోటి, దాంతో తల గట్టిగా నేలకి తగిలిందంటే ఆ హెల్మెట్ పని అయిపోయినట్టే. పైకి బీట కనిపించకపోయినా లోపలి నురుగు నలిగిపోయి ఉంటుంది. దాన్ని పారేసి కొత్తది కొనండి.

కొత్తది కొనండి గానీ, సైకిలుకి తాళం వేయకండి.

సెలవు. నమస్కారం.