బిషప్పు నేల మీద కూర్చున్నా సరే

వేదిక మీదున్న అయ్యగార్లకు, సంఘ పెద్దలకు, స్త్రీల సమాజం వారికి, యవ్వనస్థులకు ప్రభువు నామంలో వందనాలు. పేర్లు చదవను. చదివితే నాకిచ్చిన పదిహేను నిమిషాలూ అక్కడే అయిపోతాయి. పైగా ఒక్క పేరు మరిచిపోయినా రేపు ఇంటికి ఫోనొస్తుంది.

నాకిచ్చిన అంశం ‘ఆదిమ సంఘంలో నాయకుల లక్షణాలు’. తిమోతికి రాసిన మొదటి పత్రిక మూడో అధ్యాయం మీలో సగం మందికి నోటికొచ్చు. నిందారహితుడు, అతిథిప్రియుడు, ధనాపేక్ష లేనివాడు. పెద్దల ఎన్నికప్పుడు చదువుతాం, ఎన్నికయ్యాక బైబిలు మూసేస్తాం. అందుకని ఇవాళ పక్క దారిన వెళ్తాను.

1873లో కాన్‌స్టాంటినోపుల్‌లో బ్రయెన్నియోస్ అనే ఆయనకు పాత చేతిరాత ప్రతి ఒకటి దొరికింది. అందులో ‘దిదాఖే’ అని, ఆదిమ సంఘాల పద్ధతులు చెప్పే చిన్న పుస్తకం ఉంది. ఊరూరా తిరిగే అపొస్తలుడు వస్తే ప్రభువును చేర్చుకున్నట్టు చేర్చుకోండి అంటుంది. ఒక రోజు ఉండొచ్చు, అవసరమైతే రెండో రోజు. మూడో రోజూ ఉన్నాడంటే అబద్ధ ప్రవక్త! వెళ్లేటప్పుడు దారికి రొట్టె తప్ప ఏమీ తీసుకోకూడదు. డబ్బడిగాడా, వాడూ అబద్ధ ప్రవక్తే. నవ్వండి, నవ్వండి. సాయంత్రం నాకూ కవరిస్తారు, నేనూ తీసుకుంటాను.

సరే. అసలు నేను చెప్పాల్సింది కుర్చీ గురించి.

నలభై ఏళ్ల కిందట మా ఊళ్లో మందిర ప్రతిష్ఠ. మా అమ్మ తెల్లారకముందే వెళ్లి వాకిలంతా ఊడ్చి నీళ్లు చల్లింది. మోకాళ్ల నొప్పులతో చాప మీద కూర్చోలేదని ఇనుప మడత కుర్చీ వేయించాను. ప్రసంగం మధ్యలో కారు ఆగింది. సిమెంటు బస్తాలిచ్చిన పెద్దమనిషి దిగాడు. అయ్యగారు వాక్యం ఆపేసి, “కుర్చీ, కుర్చీ” అన్నారు. ఒకాయన వెళ్లి అమ్మను లేపాడు. ఆ కుర్చీ మడిచి ముందుకు మోసుకెళ్లింది నేనే. వాలంటీరు బ్యాడ్జీ పెట్టుకున్నానుగా. అమ్మ గంటన్నర గోడకు ఆనుకుని నిలబడింది. ఇంటికొచ్చాక వేణ్ణీళ్లతో కాపడం పెట్టమంది, అంతే.

బంగారు ఉంగరం పెట్టుకున్నవాడికి మంచి చోటు, బీదవాడికి కాళ్ల దగ్గర చోటా అని యాకోబు అడిగిన మాట అప్పటికే వందసార్లు విన్నవాళ్లమే మేమంతా.

మూడో శతాబ్దంలో సిరియా ప్రాంతపు సంఘాల కోసం రాసిన ‘డిడాస్కాలియా’ చాలా ఏళ్ల తర్వాత నా చేతికొచ్చింది. సంఘం కూడినప్పుడు ఎవరెక్కడ కూర్చోవాలో అందులో వివరంగా ఉంది. ఒక పరిచారకుడు కానుకల దగ్గర, ఇంకొకడు గుమ్మం దగ్గర నిలబడి వచ్చేవాళ్లను చూసుకోవాలి. లోకంలో గొప్పవాడు వస్తే బిషప్పు వాక్యం ఆపకూడదు, లేవకూడదు. కానీ బీదవాళ్లు, ముఖ్యంగా ముసలివాళ్లు వచ్చి చోటు లేకపోతే? బిషప్పే మనసారా చోటివ్వాలి, తను నేల మీద కూర్చోవాల్సి వచ్చినా సరే! ఆ వాక్యం దగ్గర పుస్తకం మూసి బయటికెళ్లిపోయాను. మళ్లీ చదువుతాను వినండి. నేల మీద. బిషప్పు. నేల మీద.

ఇంకా రెండు పేజీలున్నాయి, పక్కన పెడుతున్నాను. ముందు వరసలో మూడు కుర్చీల మీద ‘వి.ఐ.పి.’ అని కాగితం అంటించి ఉంది. తమ్ముడూ, బ్యాడ్జీ పెట్టుకున్నావు చూడు, నిన్నే. ఆ కాగితాలు పీకేసెయ్. తలుపు దగ్గర కర్ర పట్టుకుని నిలబడ్డ ఆ మామ్మగారిని తీసుకురా. మెల్లగా తీసుకురా నాన్నా, నేను ఆగుతాను.