ఒకే ల్యాప్‌టాప్‌లో రెండు ఊళ్లు: నల్లగొండ మేడ మీద జీడీబీ పరీక్షలు

నమస్కారం. ఈసారి మ్యూనిక్ నుంచి కాదు, నల్లగొండలో మా ఇంటి మేడ మీది నుంచి మాట్లాడుతున్నాను. ఎదురుగా లతీఫ్ సాహెబ్ గుట్ట. ఎండ ఇంకా ఎక్కలేదు. అమ్మ ఇచ్చిన బత్తాయి రసం పక్కనే ఉంది. ఇలాంటి రసం అక్కడ ఎంత వెతికినా దొరకదు.

సెలవు మీద వచ్చినా ఒక పని వెంట తెచ్చుకున్నాను. నాకు చాలా ఇష్టమైన పని అది. 1986లో రిచర్డ్ స్టాల్‌మన్ మొదలుపెట్టిన జీడీబీ అనే డీబగ్గర్‌కు, అంటే ప్రోగ్రాముల్లో తప్పులు వెతికే సాధనానికి, పెద్ద టెస్ట్ సూట్ (పరీక్షల కట్ట) ఉంది. దాన్ని డెజాగ్నూ అనే పరీక్షల చట్రం నడిపిస్తుంది. డెజాగ్నూకు ఆధారం ఎక్స్‌పెక్ట్ అనే సాధనం, ఎక్స్‌పెక్ట్‌కు ఆధారం టీసీఎల్ అనే ప్రోగ్రామింగ్ భాష. ఈ పద్ధతిలో మూడు యంత్రాలను వేరువేరుగా ఊహించుకోవాలి. పరీక్షలను నడిపేది బిల్డ్, జీడీబీ నడిచేది హోస్ట్, పరీక్షకు పెట్టిన ప్రోగ్రాం నడిచేది టార్గెట్. మనలో చాలామందికి ఈ మూడూ ఒకే యంత్రం. అందుకే, ఆ మూడూ ఎప్పుడూ ఒకటేనన్న నమ్మకం పరీక్షలు రాసేవారి చేతుల్లోకి తెలియకుండానే వచ్చేస్తుంది.

దీన్ని మా ఇంటి సంగతితోనే చెబుతాను. నిరుడు ఒక రోజు అమ్మ బ్యాంకు నుంచి ఫోను చేసింది. "నాన్నా, పూజగది పక్క అల్మారాలో పై అరలో పాస్‌బుక్ ఉంది, తీసి నంబరు చదువు" అంది. ఆమె చెప్పిన చోటు సరైనదే. పాస్‌బుక్ అక్కడే ఉంది. కాని నేను మ్యూనిక్‌లో ఉన్నాను. రోజూ ఫోనులో మాట్లాడుకుంటాం కదా, ఆ క్షణంలో ఆమెకు నేను ఇంట్లోనే ఉన్నట్టు అనిపించింది. హోస్ట్ దూరంగా ఉన్నప్పుడు పరీక్షల్లో జరిగే పొరపాటు సరిగ్గా ఇదే. బిల్డ్ యంత్రంలో ఉన్న ఫైలు దారిని జీడీబీకి చెబుతాం. జీడీబీ తన యంత్రంలో వెతుకుతుంది, అక్కడ అలాంటి ఫైలే ఉండదు.

మ్యూనిక్‌లో నా దగ్గర రెండు యంత్రాలున్నాయి, ఇక్కడ ఉన్నది ఒక్క ల్యాప్‌టాప్. అయినా ఫరవాలేదు. ఏ యంత్రంతో ఎలా మాట్లాడాలో డెజాగ్నూకు చెప్పే ఫైలును బోర్డు ఫైలు అంటారు. జీడీబీ టెస్ట్ సూట్‌లోని బోర్డుల ఫోల్డర్‌లో లోకల్-రిమోట్-హోస్ట్ అనే బోర్డు ఫైలు సిద్ధంగా ఉంది. అది ఎస్ఎస్‌హెచ్ (దూరపు యంత్రంలోకి భద్రంగా లాగిన్ అయ్యే పద్ధతి) ద్వారా ఇదే యంత్రంలోకి మళ్లీ లాగిన్ అయి, దాన్ని దూరపు హోస్ట్‌లా చూస్తుంది. పాస్‌వర్డ్ అడగకుండా లాగిన్ అయ్యేలా తాళంచెవులు (ఎస్ఎస్‌హెచ్ కీలు) ముందే పెట్టుకోవాలి.

అసలు మెలిక ఇక్కడుంది. అదే యూజర్‌తో లాగిన్ అయితే డిస్కు ఒకటే, ఇల్లు ఒకటే, అనుమతులూ ఒకటే. తప్పు దారి చెప్పినా ఫైలు దొరుకుతుంది, పరీక్ష పాస్ అయిపోతుంది. ఆ పాస్‌ను నేను నమ్మను. అందుకని రెండో యూజర్‌ను సృష్టించాను, వాడికి మ్యూనిక్ అని పేరు పెట్టాను. నా హోమ్ ఫోల్డర్‌ను ఇతరులు చదవకుండా మూసేశాను. జీడీబీని మాత్రం అందరికీ అందే చోట ఇన్‌స్టాల్ చేసి ఆ దారి చూపించాను. తర్వాత పరీక్షలను మొదలుపెట్టే మేక్ చెక్ ఆదేశం ఇచ్చేటప్పుడు హోస్ట్ బోర్డు పేరునూ రిమోట్ హోస్ట్ యూజర్ పేరునూ, పరీక్షలకు సూచనలు అందించే రన్‌టెస్ట్‌ఫ్లాగ్స్‌లో రాశాను.

అంతవరకు దాక్కున్న తప్పులన్నీ బయటపడ్డాయి. ఒక పరీక్ష బిల్డ్ వైపున ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ (ప్రోగ్రాములకు అందే పేరున్న విలువ) మార్చి, జీడీబీకి అది తెలుస్తుందని అనుకుంటోంది. ఎస్ఎస్‌హెచ్ దాన్ని అవతలికి మోసుకుపోదు. ఇంకొకటి తాను ఇప్పుడే రాసిన స్క్రిప్ట్ ఫైలును నేరుగా చదవమని జీడీబీకి చెబుతోంది. టెర్మినల్ లేకుండా నడిపే నాట్‌టీటీవై రకం బోర్డుతో చూస్తే ట్యాబ్ నొక్కి పేర్లు పూర్తి చేయించే పరీక్షలకు ఆధారమే ఉండదు.

ఇలాంటప్పుడు, దూరపు హోస్ట్ అయితే ఈ పరీక్ష వద్దు అని ఒక్క వాక్యం రాసి వదిలేయవచ్చు. ఫలితంలో అన్‌సపోర్టెడ్ అని పడుతుంది. టెర్మినలే ఆధారమైన పరీక్షకు అది న్యాయం. స్క్రిప్ట్ ఫైలు విషయంలో మాత్రం నాకు మనసొప్పలేదు. ఫైలును ముందు హోస్ట్‌కు పంపించి, ఆ పని తిరిగి ఇచ్చిన దారినే జీడీబీకి చెబితే చాలు. మార్చినవి మూడే వరుసలు. ఆ మూడు వరుసల కోసం నిన్న రాత్రి పదకొండు దాకా కూర్చున్నాను, అందులో ఎక్కువ సేపు, పరీక్షలో ఏం జరిగిందో రాసి పెట్టే లాగ్ ఫైలు చదవడానికే పట్టింది.

పొద్దున ల్యాప్‌టాప్ తెరపై మ్యూనిక్ అని చూసి, "అక్కడి ఆఫీసుకు ఇక్కడి నుంచే వెళుతున్నావా నాన్నా?" అని అమ్మ అడిగింది. కాదమ్మా, ఆ మ్యూనిక్ కూడా ఈ పెట్టెలోనే ఉంది అన్నాను. పాస్‌బుక్ సంగతి గుర్తుచేసి చెబితే ఆమెకు వెంటనే అర్థమైంది. "అయితే ముందు పాస్‌బుక్ పోస్టులో పంపాలన్నమాట" అంది. సరిగ్గా అదే నేను రాసిన మార్పు.

ఇప్పుడు మొత్తం సూట్ మళ్లీ నడుస్తోంది. అది పూర్తయ్యేలోపు పానగల్లు ఛాయా సోమేశ్వరాలయానికి వెళ్లి వస్తాం, కెమెరా కూడా తీసుకెళుతున్నాను.