డిస్క్ బ్రేకు కూత పెడితే ముందు ఏం చూడాలి

నమస్కారం. తిరుపతి నుంచి పీలేరు దాకా వెళ్లి, తిరుగు ప్రయాణంలో భాకరాపేట ఘాట్ దిగి వచ్చే సైకిల్ మిత్రులకు బ్రేకు విలువ వేరే చెప్పనక్కరలేదు. దసరా అయిన వారానికి అదే దిగుడులో నా రోడ్ బైకు వెనుక బ్రేకు కీచుమంటూ అరవసాగింది. లివర్ గట్టిగానే ఉంది, కానీ ఎంత నొక్కినా బండి ఆగవలసిన చోట ఆగలేదు. ఊళ్లో ఒక మెకానిక్కుకు చూపిస్తే ప్యాడ్లు (రోటరును రెండు వైపులా నొక్కి ఆపే బిళ్లలు) మార్చారు. రోటరు అంటే చక్రంతో పాటు తిరిగే లోహపు పళ్లెం. రెండు రోజులకే అదే కూత మళ్లీ మొదలైంది. ఇంట్లో అడిగితే అసలు సంగతి బయటపడింది: ఆయుధ పూజనాడు మా అమ్మ కుందిలో నూనె పోసిన చేత్తోనే రోటరుకు పసుపు, కుంకుమ బొట్లు పెట్టింది.

బ్రేకు ప్యాడు పైకి గట్టిగా కనిపించినా, దానిలో సన్నని రంధ్రాలు ఉంటాయి కాబట్టి రోటరు మీది నూనెను పీల్చుకుంటుంది. వేడెక్కినప్పుడు ఆ నూనె మాడి, ప్యాడు ముఖం అద్దంలా మెరిసే పొరగా మారుతుంది. అందుకే రోటరు తుడవకుండా కొత్త ప్యాడ్లు వేస్తే అవి కూడా పాడవుతాయి. గొలుసుకు స్ప్రే కొట్టినప్పుడు ఎగిరిన తుంపరలు కూడా ఇదే పని చేస్తాయి. చక్రం విప్పి, రోటరును వేళ్లతో ముట్టుకోకుండా, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన శుభ్రమైన గుడ్డతో రెండు వైపులా తుడవండి. గుడ్డకు నలుపు అంటడం ఆగేదాకా గుడ్డ మారుస్తూ ఉండండి. పైపొర మాత్రమే మెరుస్తుంటే ప్యాడును ఉప్పు కాగితం మీద తేలికగా రుద్దవచ్చు. నూనె లోపలికి ఇంకితే మార్చడమే మేలు, పొయ్యి మీద కాల్చే పద్ధతిని నేను సిఫారసు చేయను. పూజకు బొట్లు ఫ్రేముకు, హ్యాండిలుకు పెట్టమని ఇంట్లోవారికి ముందే చెప్పండి.

శబ్దం తీరును బట్టి కారణం తెలుస్తుంది. చక్రం తిరిగినప్పుడల్లా ఒక్కసారి మాత్రమే 'షింగ్' మంటే రోటరు వంగిందని అర్థం. ఆగకుండా రాసుకుంటుంటే క్యాలిపర్ (ప్యాడ్లను పట్టి ఉంచే భాగం) మధ్యలో లేదు: దాని రెండు బోల్టులు కొద్దిగా వదులు చేసి, లివర్ నొక్కి పట్టుకుని మళ్లీ బిగించండి. చక్రం తీసి ఉన్నప్పుడు మాత్రం లివర్ నొక్కకండి, ప్యాడ్లను నెట్టే పిస్టన్లు బయటికి జరిగి ప్యాడ్లు దగ్గరపడతాయి.

లివర్ మెత్తగా దిగిపోయి, నాలుగైదుసార్లు నొక్కితే గట్టిపడుతుంటే, గొట్టంలోని బ్రేకు ద్రవంలో గాలి చేరినట్టే, బ్లీడ్ చేయించాలి, అంటే ఆ గాలి తీయించాలి. ఇక్కడ ఒక పొరపాటు ఖరీదైనది. మోటారు బండ్ల దుకాణంలో దొరికే డాట్ 4 అనే బ్రేకు ద్రవాన్ని షిమానో కంపెనీ బ్రేకుల్లో పోస్తే, మినరల్ ఆయిల్‌కు తగ్గట్టు చేసిన రబ్బరు సీళ్లు ఉబ్బి పాడవుతాయి. శ్రామ్ కంపెనీ రోడ్ బ్రేకుల్లో చాలావరకు డాట్ వాడతారు, అది తేమను పీలుస్తుంది, పెయింటును తినేస్తుంది. లివర్ మూత మీద రాసి ఉన్నదే పోయించండి.

షిమానో చెప్పే లెక్క ప్రకారం 1.8 మిల్లీమీటర్ల రోటరు 1.5కు, ప్యాడు పైపూత 0.5కు అరిగితే మార్చాలి. మొబైల్ టార్చి వేసి క్యాలిపర్ లోపల చూస్తే ప్యాడు మందం కనిపిస్తుంది.

దిగుడులో బ్రేకును కిలోమీటర్ల పొడవునా తేలికగా పట్టుకునే ఉంటే రోటరు చల్లబడే వీలుండదు. మలుపుకు ముందు గట్టిగా పట్టి, మలుపులో వదలండి. కిందికి దిగాక రోటరును ముట్టుకోకండి, చర్మం కాలుతుంది. కొత్త ప్యాడ్లు వేస్తే, తెల్లవారుజామున ఖాళీగా ఉన్న సమతలపు రోడ్డు మీద, మోస్తరు వేగం నుంచి పూర్తిగా ఆగకుండా నెమ్మది చేయడం ఇరవైసార్లు చేసి, ప్యాడు పొర రోటరుకు పట్టాకే ఘాట్ వైపు వెళ్లండి.