ఆ అంకె చూసి ఏం చేస్తారు?

(ఒక వాకర్స్ అసోసియేషన్ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

స్మార్ట్ వాచీ కొనుక్కోవచ్చా, లేక డబ్బు దండగా? ఈ సంగతి తేల్చి చెప్పమని మీ కార్యదర్శి గారు నన్ను పిలిచారు. మార్కెట్లో పదిహేను వందలకు దొరికే వాచీ ఉంది, లక్షకు చేరువలో ఉన్నదీ ఉంది. అందుకని ధర సంగతి తర్వాత చూద్దాం. ముందు నేను మిమ్మల్ని ఒకటి అడుగుతాను. అది చూపించే అంకె చూసి మీరు ఏం చేస్తారు?

వాచీ ఉన్నవాళ్లు ఒకసారి విప్పి వెనక వైపు చూడండి. మినుకుమినుకుమనే ఆకుపచ్చ దీపాలు కనిపిస్తాయి. రక్తం ఆకుపచ్చ కాంతిని బాగా పీల్చుకుంటుంది. గుండె కొట్టుకున్న ప్రతిసారీ మణికట్టులో రక్తం కాస్త పొంగుతుంది, ఆ క్షణంలో వెనక్కి తిరిగి వచ్చే కాంతి తగ్గుతుంది. ఆ హెచ్చుతగ్గులను లెక్కపెట్టి నాడి ఇంత అని చెబుతుంది. కుదురుగా కూర్చున్నప్పుడు ఈ లెక్క బాగానే వస్తుంది. పట్టీ వదులైనా, చెయ్యి జోరుగా ఊగినా గాడి తప్పుతుంది. పచ్చబొట్టు మీద పెడితే అసలు సరిగా చదవకపోవచ్చు.

అడుగుల లెక్కకు ఆధారం చేతి ఊపు. అందుకే భజనలో కూర్చుని తాళం వేసినా కొన్ని అడుగులు జమ అవుతాయి. సూపర్ మార్కెట్లో బండి తోసుకుంటూ నడిస్తే నిజంగా వేసిన అడుగులు కూడా కొన్ని ఎగిరిపోతాయి. ఇంతకీ ఆ పదివేల లక్ష్యం ఏ వైద్యుడూ రాసిచ్చింది కాదు. టోక్యో ఒలింపిక్స్ మరుసటి ఏడు, 1965లో, ఒక జపాన్ కంపెనీ నడుముకు కట్టుకునే అడుగుల మీటరును ఆ అంకె పేరుతోనే అమ్మింది. సగటున 72 ఏళ్ల వయసున్న అమెరికా మహిళల మీద చేసిన అధ్యయనం ఒకటి 2019లో వచ్చింది. రోజుకు 2,700 అడుగులు వేసేవారితో పోలిస్తే 4,400 వేసేవారిలో మరణాలు తక్కువగా ఉన్నాయి. 7,500 దాటాక అదనపు లాభం పెద్దగా కనిపించలేదు. కనుక సాయంత్రం తొమ్మిది వేలు చూపించిందని మంచం చుట్టూ ప్రదక్షిణలు చేయనక్కర్లేదు.

కేలరీల మాట మరీ అన్యాయం. 2017లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఏడు పరికరాలను పరీక్షిస్తే, వాటిలో మెరుగైనది కూడా సగటున 27 శాతం తప్పు చెప్పింది. ఆ అంకెను నమ్మి ఇంకో ప్లేటు మైసూరు బజ్జీ తెప్పించుకునేవాళ్లు ఈ హాల్లోనే ఉన్నారు, పేర్లు చెప్పను. బరువు తగ్గడానికైతే పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయం 2016లో ప్రచురించిన పరీక్ష చూడండి. రెండేళ్లలో మామూలు పద్ధతిలో ఉన్నవారు సగటున 5.9 కిలోలు తగ్గితే, పరికరం కట్టుకున్నవారు 3.5 కిలోలే తగ్గారు.

మరి ఏ పరికరం తన ధరకు న్యాయం చేస్తుంది? నన్నడిగితే, మొదటి పేరు వాచీది కాదు. ఇన్సులిన్ తీసుకునే మధుమేహ రోగి చేతి పైభాగానికి అంటించుకునే, సన్నని తీగ చర్మంలోకి దిగే గ్లూకోజ్ సెన్సర్‌ది. ఎక్కువగా వాడే రకం సుమారు రెండు వారాలు పనిచేస్తుంది, తర్వాత కొత్తది కొనాల్సిందే. ఖర్చు తక్కువేమీ కాదు. అయినా అర్ధరాత్రి షుగరు పడిపోతోందని తెలిస్తే మనిషి లేచి ఏదైనా తింటాడు, మర్నాడు డాక్టరుతో మాట్లాడి డోసు సరిచేసుకుంటాడు. షుగరు లేనివారు సరదాకి అంటించుకుంటే మాత్రం ఇడ్లీ తిన్నాక గ్లూకోజ్ పెరుగుతుందని తెలుస్తుంది. అది తెలియడానికి సెన్సర్ ఎందుకు?

సూది గుచ్చకుండా షుగరు చూపిస్తామనే వాచీలు, ఉంగరాల జోలికి వెళ్లకండి. వాటిని నమ్మవద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలో హెచ్చరించింది.

రెండోది గుండె లయ. 2018 నుంచి కొన్ని ఖరీదైన వాచీలు ఈసీజీ తీస్తున్నాయి. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనే లయదోషం కొందరిలో వస్తూ పోతూ ఉంటుంది, ఆసుపత్రికి వెళ్లేసరికి మాయమవుతుంది. దానివల్ల పక్షవాతం రావచ్చు. నాలుగు లక్షల మందికి పైగా చేరిన ఆపిల్ అధ్యయనంలో నాడి లయ తప్పిందని వాచీ నుంచి హెచ్చరిక వచ్చింది సుమారు అర శాతం మందికి. అరవై దాటి, అప్పుడప్పుడు గుండె దడ వచ్చేవారికి ఆ వాచీ పనికొస్తుంది. పాతికేళ్ల కుర్రాడికి దానితో ఒరిగేది దాదాపు శూన్యం.

బిల్లులో కనిపించని ఖర్చు కూడా ఉంది. 2024లో హ్యూమేన్ అనే కంపెనీ చొక్కాకు పెట్టుకుని మాట్లాడితే జవాబిచ్చే ఏఐ పిన్నును 699 డాలర్లకు అమ్మింది, పైగా నెలకు 24 డాలర్ల చందా. ఏడాది తిరగకుండానే, 2025 ఫిబ్రవరిలో, తన ఆస్తులను హెచ్‌పీకి అమ్మి సర్వర్లు ఆపేసింది. పిన్నులు మూగబోయాయి. చందా కట్టాల్సిన వస్తువు పూర్తిగా మన సొంతం కాదని కొనేముందే గుర్తుంచుకోండి.

చివరగా, విదేశాల్లో ఉన్న పిల్లలు ఇక్కడి అమ్మానాన్నలకు పంపే వాచీలు. పడిపోతే గుర్తించి ఫోను చేసే సదుపాయం వాటిలో ఉంది, మంచిదే. కాని పెద్దవాళ్లు జారిపడే అవకాశం ఎక్కువున్న చోటు స్నానాల గది. స్నానానికి వెళ్తూ వాచీ విప్పి ఛార్జింగ్‌కు పెట్టడం చాలామందికి అలవాటు. అందుకని ముందు ఆ గదిలో పట్టుకోవడానికి ఒక కడ్డీ బిగించమని పిల్లలకు చెప్పండి, జారని చాప ఒకటి వేయించండి. మిగిలిన డబ్బుతో వాచీ పంపినా వద్దనకండి.