క్యాజువాలిటీలో ఇంట్యుబేషన్: ఆపరేషన్ థియేటర్ చదువు ఒక్కటే చాలదు

అందరికీ నమస్కారం. తిరుపతి, చిత్తూరు ఆసుపత్రుల నుంచి వచ్చిన పీజీలకు, క్యాజువాలిటీ డ్యూటీ డాక్టర్లకు, ముఖ్యంగా సిస్టర్లకు స్వాగతం. సిస్టర్లను ఎందుకు పిలిచామో కాసేపట్లో చెబుతాను.

మన దేశంలో ఎమర్జెన్సీ మెడిసిన్‌కు ప్రత్యేక శాఖగా గుర్తింపు వచ్చింది 2009లో. ఇంట్యుబేషన్, అంటే శ్వాసనాళంలోకి ట్యూబ్ వేయడం, నేర్చుకోమని మన పీజీలను అనస్థీషియా వాళ్ల దగ్గరకు పంపుతున్నాం. పంపాల్సిందే. గొంతు లోపల చూసే లారింజోస్కోప్ పట్టడం, మాస్క్ బిగించి బ్యాగ్ నొక్కడం అక్కడే చేతికి వస్తాయి. కానీ అక్కడితో ఆపేస్తే అది సగం చదువే.

ఆపరేషన్ థియేటర్‌కు పేషెంటు ఖాళీ కడుపుతో వస్తాడు. నోరు ఎంత తెరుచుకుంటుందో, మెడ ఎంత వంగుతుందో ముందే చూసి ఉంటారు. మన దగ్గరకు వచ్చేవాళ్లు ఎవరు? భాకరాపేట ఘాట్‌లో బండి బోల్తాపడి, మెడకు కాలర్‌తో, నోటినిండా రక్తంతో వచ్చినవాడు. పురుగుమందు తాగి నురగలు కక్కుతున్న రైతు. కట్లపాము కరిచి రెప్పలు వాలిపోయిన పిల్ల. రేపు చూద్దాం అనే వీలు మనకు లేదు.

ఎవరి కష్టం వారిది. ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందు తాగినవాళ్లకు ట్యూబ్ వేసేందుకు కండరాలను వదులుచేసే సక్సినైల్‌కోలిన్ ఇస్తే కండరాల శక్తి తిరిగి రావడానికి చాలాసేపు పడుతుంది. ఆ మందును విరగ్గొట్టే ఎంజైమ్‌నే ఈ విషం అడ్డుకుంటుంది. అక్కడ అదే పనికి వాడే రోకురోనియం మేలు. కట్లపాము కేసులో పేషెంటు కదలలేకపోయినా, కళ్లు తెరవలేకపోయినా మన మాటలన్నీ వింటూ ఉండవచ్చు. దయచేసి మత్తు ఇవ్వకుండా ట్యూబ్ వేయకండి. స్పృహ లేదనుకుని ఆ పిల్ల తలాపున ఏది పడితే అది మాట్లాడకండి.

ఇక అసలు విషయం. ట్యూబ్ ఎలా వేయాలో అందరం నేర్పుతాం, ప్రయత్నం ఎప్పుడు ఆపాలో మాత్రం ఎవరూ నేర్పడం లేదు. అమెరికాలో ఒక ఎమర్జెన్సీ విభాగం 2013లో ప్రచురించిన లెక్క చూడండి. మొదటి ప్రయత్నంలోనే ట్యూబ్ పడినవాళ్లలో సుమారు 14 శాతం మందికి ఇబ్బందులు వస్తే, రెండో ప్రయత్నం అవసరమైనవాళ్లలో అది 47 శాతం. శాచురేషన్, అంటే రక్తంలో ఆక్సిజన్ శాతం, పడిపోతుంటే లారింజోస్కోప్ బయటికి తీసి మాస్క్ పెట్టాలి. పేషెంటుకు కావలసింది ఆక్సిజన్. అది మాస్క్‌తో అందినా, గొంతులో స్వరపేటిక పైన కూర్చునే ఎల్‌ఎమ్‌ఏ మాస్క్‌తో అందినా ప్రాణం నిలుస్తుంది.

2005లో ఇంగ్లండులో ఒక మామూలు సైనస్ ఆపరేషన్‌కు వెళ్లిన యువతికి మత్తు ఇచ్చాక గాలి అందించలేకపోయారు. అనుభవమున్న డాక్టర్లే ట్యూబ్ కోసం మళ్లీ మళ్లీ ప్రయత్నించారు. ఒక నర్సు మెడ దగ్గర కోసి గాలికి దారి తీసే ట్రాకియాస్టమీ సెట్ తెచ్చి పెట్టింది, ఇంకొకరు ఐసీయూలో బెడ్ అడిగారు. ప్రమాదం వాళ్లకు కనిపించింది, కానీ గట్టిగా చెప్పలేకపోయారు. ఆమె బతకలేదు. భర్త మార్టిన్ బ్రోమిలీ విమాన పైలట్. డాక్టర్లను శిక్షించమని కాకుండా, విమాన సిబ్బందిలా కలిసి పనిచేయడం నేర్పమని ఆయన ఉద్యమం నడిపారు.

సిస్టర్లు ఇక్కడ ఉన్నది అందుకే. "సార్, శాచురేషన్ 88, ఆపండి" అని సిస్టర్ అనాలి. అన్నందుకు ఎవరూ విసుక్కోకూడదు. మన ఆసుపత్రుల్లో ఇది తేలిక కాదని నాకు తెలుసు. అందుకే ఆ మాటను కూడా ఇంట్యుబేషన్‌లాగే ప్రాక్టీసు చేయించాలి, అదీ మీ క్యాజువాలిటీ బెడ్ దగ్గరే, మీ సక్షన్, మీ ట్రాలీతో.

ట్యూబ్ పడక, మాస్క్‌తోనూ ఎల్‌ఎమ్‌ఏతోనూ ఆక్సిజన్ అందకపోతే మెడ ముందునుంచి దారి తీయాలి. పెద్దవాళ్లకు 10వ నంబర్ బ్లేడు, బూజీ (ట్యూబ్‌కు దారి చూపే సన్నటి కడ్డీ), 6 నంబర్ కఫ్ ట్యూబ్ చాలు. గొంతు ముందు భాగంలో ఉండే క్రికోథైరాయిడ్ పొర వేలికి తగిలితే అడ్డంగా కోసి, బ్లేడు పదును కాళ్లవైపు తిప్పి, దాని పక్కనుంచి బూజీ, బూజీ మీదుగా ట్యూబ్. చేతికి పొర దొరకకపోతే ముందు నిలువుగా కోసి వేలితో వెతకాలి. ట్యూబ్ ఏ దారిన వేసినా బయటికి వచ్చే శ్వాసలో కార్బన్ డయాక్సైడ్‌ను చూపే క్యాప్నోగ్రాఫ్‌లో గీత రాకపోతే అది శ్వాసనాళంలో లేదనే అనుకోండి.

దీనికి ఖరీదైన బొమ్మలు అక్కర్లేదు. పక్క హాల్లో మటన్ కొట్టు నుంచి తెచ్చిన మేక గొంతులు ఉన్నాయి. ఒక డాక్టరు, ఒక సిస్టరు జతగా రండి. టైం చెప్పడం, ఆపమనడం సిస్టర్ పని. తర్వాత జతలు మార్చి మళ్లీ చేద్దాం.